పురుగు చెప్పింది ఒకటి, మనం రాసింది ఒకటి

2024 అక్టోబర్‌లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ ప్రకటించినప్పటి నుంచీ మైక్రోఆర్ఎన్ఏల మీద వస్తున్న రాతల్లో చాలావాటిది ఒకటే పాట. జన్యువులను ఆన్, ఆఫ్ చేసే స్విచ్ దొరికింది, ఇక క్యాన్సర్ పని అయిపోయినట్టే! కొందరైతే దీన్ని కోవిడ్ టీకాల ఎంఆర్ఎన్ఏతో కలిపేశారు. ఇంకొందరు 2006లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలోలకు నోబెల్ తెచ్చిపెట్టిన ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్‌తో ముడిపెట్టారు. ఆ కలగాపులగం సంగతి తర్వాత. ముందు ఈ స్విచ్ గొడవ తేల్చాలి. దాని మూలం 1993లో ఉంది.

ఆ ఏడాది డిసెంబర్‌లో ‘సెల్’ పత్రికలో రెండు పత్రాలు ఒకేసారి అచ్చయ్యాయి. ఆంబ్రోస్ బృందం పత్రానికి ప్రథమ రచయిత రోజలిండ్ లీ. మన వార్తల్లో ఆమె పేరు వస్తే గిస్తే ఆంబ్రోస్ భార్యగానే వచ్చింది. లిన్-4 అనే జన్యువును దాదాపు 700 బేస్‌ల డీఎన్ఏ ముక్కదాకా కుదించింది ఆమె, రోండా ఫైన్‌బామ్. ఆ ముక్కను లిన్-4 లోపమున్న సీ ఎలిగాన్స్ పురుగులోకి ఎక్కిస్తే పురుగు బాగుపడింది. జన్యువన్నాక ప్రొటీన్ ఉండాలి కదా అని వెతికారు. ప్రొటీన్ సంకేతం చెడిపోయేలా అక్షరాలను మార్చి చూసినా జన్యువు నిక్షేపంగా పనిచేసింది. చివరికి దొరికింది 22 న్యూక్లియోటైడ్ల చిట్టి ఆర్ఎన్ఏ (అదే తొలి మైక్రోఆర్ఎన్ఏ), దానికి మాతృక లాంటి 61 న్యూక్లియోటైడ్ల ఇంకో ఆర్ఎన్ఏ.

అటు రవ్‌కున్ దగ్గర బ్రూస్ వైట్‌మన్, ఇల్హో హా లిన్-14 జన్యువుతో కుస్తీ పడుతున్నారు. మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగులో లిన్-14 ప్రొటీన్ తొలి పిల్లదశలో నిండుగా ఉండి, ఆ తర్వాత పడిపోవాలి. పడిపోకపోతే కణాలు తొలి దశ విభజనలనే మళ్లీ మళ్లీ చేస్తూ పోతాయి. లిన్-4 పాడైన పురుగులోనూ ఇదే తంతు. గుడ్లు పెట్టే ద్వారం ఏర్పడక అవి కడుపులోనే పేరుకుపోతాయి. 1992 జూన్‌లో రెండు ల్యాబులూ తమ తమ వరుసలు ఇచ్చిపుచ్చుకుని పక్కపక్కన పెట్టి చూసుకున్నాయి. లిన్-14 మెసెంజర్ ఆర్ఎన్ఏ తోక భాగంలో లిన్-4 అతుక్కోగల చోట్లు ఏడు కనిపించాయి. ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోలేదు.

ఏడు! నా పేచీ అంతా ఈ అంకె దగ్గరే. ఒకే తోకకు ఇన్ని చోట్ల పట్టు దొరికింది కాబట్టే ప్రొటీన్ అంతలా పడిపోయింది, చూసినవాళ్లకు స్విచ్ కొట్టినట్టు అనిపించింది. మన జన్యువుల్లో ఒక్కో మైక్రోఆర్ఎన్ఏకి అలాంటి చోటు సాధారణంగా ఒకటో రెండో. అపురూపమైన ఉదాహరణను పట్టుకుని అందరి కథా అదేనని రాసుకున్నాం.

రవ్‌కున్ బృందం 1993 పత్రం నుంచి ఇంకో పొరపాటు కూడా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ప్రొటీన్ తగ్గినా మెసెంజర్ ఆర్ఎన్ఏ దాదాపు అలాగే ఉందని రవ్‌కున్ బృందం చూసింది. కనుక మైక్రోఆర్ఎన్ఏ అనువాదాన్ని, అంటే మెసెంజర్ నుంచి ప్రొటీన్ తయారీని, మాత్రమే ఆపుతుందని స్థిరపడిపోయింది. 2005లో ఎమీ పాస్కినెల్లి బృందం అదే పురుగులో లిన్-14 మెసెంజర్ కూడా తగ్గుతోందని చూపింది. 2010లో డేవిడ్ బార్టెల్ బృందం క్షీరద కణాల్లో లెక్క కట్టింది. ప్రొటీన్ ఉత్పత్తి తగ్గడంలో కనీసం 84 శాతం మెసెంజర్ తగ్గిపోవడం వల్లే. మైక్రోఆర్ఎన్ఏను మోసే ఆర్గోనాట్ ప్రొటీన్ ఎంజైములను పిలిపిస్తుంది, అవి మెసెంజర్ తోకలోని ‘ఏ’ అక్షరాల వరుసను కొరికేస్తాయి, మిగతా ఆర్ఎన్ఏ ఎంతోసేపు నిలవదు. జీబ్రాఫిష్ పిండం తొలి గంటల్లో అనువాదం ఆగడమే ముందన్న వాదన ఉంది, నిజమే. కానీ పిండం తొలి గంటలే జీవితమంతా కాదు.

ఇక మోతాదు. మైక్రోఆర్ఎన్ఏలో 2 నుంచి 8వ స్థానం దాకా ఉన్న ఏడు అక్షరాలు కుదిరితే చాలు, పట్టు దొరికినట్టే. అంత చిన్న వరుస వందల మెసెంజర్లలో ఉంటుంది. 2008లో ‘నేచర్’లో వచ్చిన రెండు పత్రాలు వేల ప్రొటీన్లను కొలిచి చూస్తే, ఒక్కో మైక్రోఆర్ఎన్ఏ వందల ప్రొటీన్లను తాకుతోంది, కానీ చాలావాటిలో తగ్గుదల సగానికి కూడా చేరలేదు. స్విచ్ ఎక్కడ? ఇది ఫ్యాన్ రెగ్యులేటర్. అంతకుముందే, 2007లో, సీ ఎలిగాన్స్ మైక్రోఆర్ఎన్ఏలలో ఎక్కువ భాగాన్ని ఒక్కొక్కటిగా తీసేసి చూశారు. చాలా పురుగులు ఏమీ పట్టనట్టే బతికాయి. ఆ పత్రం రచయితల్లో ఆంబ్రోస్ కూడా ఉన్నారు. నోబెల్ వార్తలు రాసినవారు దాని జోలికే పోలేదు.

అలాగని మైక్రోఆర్ఎన్ఏ అక్కరలేనిదని కాదు. వాటిని తయారుచేసే డైసర్ ఎంజైమును తీసేస్తే ఎలుక పిండం బతకదు. మిర్-96 అనే మైక్రోఆర్ఎన్ఏలో ఆ ఏడక్షరాల మధ్య ఒక్క అక్షరం మారితే మనిషికి చెవుడు వస్తుంది. ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా, అన్నీ కలిసి కణం లెక్క తప్పకుండా కాపలా కాస్తాయి. నా దృష్టిలో వాటి అసలు ఉద్యోగం అదే.

మందుల ఆశలు తడబడిందీ ఇక్కడే. క్యాన్సర్ మీద ప్రయోగించిన మిర్-34 నకలు ఎంఆర్ఎక్స్34 పరీక్షలను 2016లో ఆపేశారు. రోగుల్లో తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు వచ్చాయి. తప్పు లైపోజోమ్ పొట్లానిదని వాదించేవారున్నారు. కావచ్చు. కానీ వందల మెసెంజర్లను కదిపే అణువును ఒంట్లో పోసి, క్యాన్సర్‌కు కావలసిన ఒకటి రెంటినే అది పట్టుకుంటుందని ఎదురుచూడటం మొదటి నుంచీ అత్యాశే. ఇన్‌క్లిసిరాన్ గెలిచింది కదా అంటారు. కొలెస్ట్రాల్ తగ్గించే ఆ ఇంజెక్షన్ పీసీఎస్‌కే9 అనే ఒక్క మెసెంజర్‌కు పూర్తిగా సరిపోయేలా కుట్టిన ఎస్ఐఆర్ఎన్ఏ అనే చిట్టి ఆర్ఎన్ఏ. అది 2006 నోబెల్ దారిలో వచ్చిన మందు. కణంలో మైక్రోఆర్ఎన్ఏ, ఎస్ఐఆర్ఎన్ఏ రెండూ ఆర్గోనాట్‌నే వాడుకుంటాయి, పోలిక అంతవరకే. ఆ గెలుపును 1993 పురుగు ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.