తీగల దారి అడగండి

1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ అంటుకుని మంటలు లేచాయి. సిబ్బంది నిమిషంలోపే రియాక్టర్‌ను ఆపేశారు. అందరూ మెచ్చుకునేది ఆ వేగాన్నే. నన్ను పట్టి కుదిపేది ఆ తర్వాత కేంద్రమంతా కరెంటు లేకుండా గడిచిన సుమారు 17 గంటలు. ఆగినంత మాత్రాన రియాక్టర్ చల్లారదు. ఆపిన క్షణాన కూడా పూర్తి వేడిలో నూటికి 6 వంతులకు పైగా ఇంధనంలో పుడుతూనే ఉంటుంది. దాన్ని లాగేయాలంటే పంపులు తిరగాలి, పంపులకు కరెంటు కావాలి. అత్యవసర కరెంటు ఏర్పాట్లు అక్కడ లేక కాదు. వాటి తీగలను మామూలు తీగలకు దూరంగా, మంట సోకని అడ్డుకట్టల వెనక వేయలేదు, అన్నీ కలిసి కాలిపోయాయి. చీకట్లో టార్చిలైట్లతో భవనం పైకెక్కి, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రావణం వదిలినవాళ్లకూ, అగ్నిమాపక డీజిల్ పంపులతో నీళ్లు అందించినవాళ్లకూ చేతులెత్తి మొక్కుతాను. అయితే అంతటి సాహసం అవసరమయ్యేలా కట్టడాన్ని మాత్రం క్షమించలేను. రేపు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు కేంద్రం ప్రతిపాదన మీద మాట్లాడే ఇంజనీర్లను ఎన్ని జనరేటర్లు పెడతారని అడిగితే చాలదు; ఒక్కోదాని తీగ ఏ గోడ వెంట వెళ్తుందో పటం మీద చూపించమనాలి.