దశావతారాలు జీవపరిణామ పాఠం కావు

మత్స్యం జలచరం, కూర్మం ఉభయచరం, వరాహం భూచరం, నరసింహుడు మృగమానవుల సంధిరూపం, వామనుడు అసంపూర్ణ మానవుడు, పరశురాముడు మొదలుకొని పూర్ణమానవులు. కావున 1859లో డార్విన్ ప్రకటించిన సిద్ధాంతాన్ని పురాణకర్తలు ఏనాడో చెప్పియున్నారు అనే వాదం నేటి ఆస్తికలోకంలో బహుళప్రచారం పొందింది. ప్రవచనవేదికలపై ఈ మాటకు కరతాళధ్వనులు లభిస్తున్నాయి. కాని ఈ వాదం విజ్ఞానానికీ న్యాయం చేయదు, పురాణానికీ న్యాయం చేయదు. భక్తి పేరిట ప్రచారమగుచున్నది గనుక దీనిని పరీక్షించవలసిన బాధ్యత ముందుగా భక్తులదే.

ఇది ఋషిప్రోక్తమైన అర్థం కాదు. డార్విన్ గ్రంథం వెలువడిన 18 సంవత్సరాలకు, 1877లో, దివ్యజ్ఞానసమాజ స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ తన 'ఐసిస్ అన్‌వీల్డ్' గ్రంథంలో అవతారక్రమాన్ని పరిణామక్రమంతో పోల్చింది. పాశ్చాత్య సిద్ధాంతం వచ్చిన పిమ్మట దానికి అనుగుణంగా పురాణాన్ని చదివిన పద్ధతి ఇది. దీనిని సనాతన రహస్యమని చాటడం సత్యదూరం.

ఇక పురాణమే ఏమి చెప్పుచున్నదో చూడవలెను. శ్రీమద్భాగవతం అష్టమస్కంధంలో మత్స్యమూర్తి సత్యవ్రతుడనే రాజు దోసిట చిన్న చేపగా కనిపించాడు. అనగా మత్స్యావతారానికి పూర్వమే మానవుడున్నాడు, రాజ్యమున్నది, తర్పణవిధి ఉన్నది. కూర్మావతారవేళ మందరపర్వతానికి చుట్టిన వాసుకిని ఇరువైపులా పట్టి లాగినవారు దేవదానవులు. నరసింహుడు స్తంభం నుండి వెలువడునాటికి ప్రహ్లాదుడు గురుకులంలో చదువుకొన్న బాలుడు. పైగా అష్టమస్కంధంలో వామనచరిత్ర ముందు, మత్స్యావతారకథ చివర వచ్చును. ప్రథమస్కంధం దశసంఖ్యకు కట్టుబడక, అవతారాలు అసంఖ్యేయాలని తెలుపుచున్నది. చేప మొదట, మనిషి తరువాత అనే జీవక్రమాన్ని ఈ కథల నుండి రాబట్టడానికి వాటిలోని పాత్రలందరినీ తొలగించవలసి వచ్చును. మూడడుగులతో లోకాలను కొలిచిన వటువును 'అసంపూర్ణ మానవుడు' అనడం భక్తుని నోట రాదగిన మాటయేనా?

జీవశాస్త్రదృష్టిలో ఈ వాదం మరింత దుర్బలం. కూర్మం ఉభయచరం కాదు, సరీసృపం. కప్ప ఉభయచరం. సముద్రంలో జీవించే తాబేలు సైతం గుడ్లు పెట్టుటకు ఒడ్డుకే రావలెను. శ్రీకూర్మక్షేత్రంలో సంరక్షింపబడుచున్న నక్షత్ర తాబేళ్లు పూర్తిగా భూచరాలే. వరాహం మానవునికి పూర్వరూపం కాదు. వంశరీత్యా పంది మనిషికంటె తిమింగలానికి సమీపం. సింహవంశం, మానవవంశం కోట్ల సంవత్సరాలకు పూర్వమే వేరుపడినవి. వాటి నడుమ 'సగం సింహం, సగం నరుడు' అనే దశ ఏనాడూ లేదు.

అసలు దోషం పరిణామాన్ని నిచ్చెనగా ఊహించుటలో ఉన్నది. 1735లో లిన్నేయస్ ప్రకటించిన వర్గీకరణకు ఆధారం ప్రధానంగా రూపసాదృశ్యం. డార్విన్ తరువాత వర్గీకరణకు వంశానుక్రమమే ఆధారమైనది. జీవకోటి ఒక మహావృక్షం. నేడు కనిపించేవన్నీ దాని కొమ్మల చివరలు. నేటి చేప మానవుని పూర్వజుడు కాదు, దూరపు జ్ఞాతి. తిమింగలం చేపవలె ఉన్నను స్తన్యమిచ్చే జంతువు. సజీవులలో దానికి అతిసమీప బంధువు నీటిగుర్రం. ఊపిరితిత్తులు గల లంగ్‌ఫిష్ చేపయని పిలువబడినను, వంశరీత్యా బొచ్చెచేపకంటె మానవునికే దగ్గర. రూపం చూచి బంధుత్వాన్ని నిర్ణయించరాదన్నదే ఈ శాస్త్రం నేర్పే తొలిపాఠం. దశావతారవాదం నిలిచియున్నది రూపసాదృశ్యం మీదనే.

ఎనుబదినాలుగు లక్షల యోనుల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుచున్నది. 2011లో కొందరు శాస్త్రజ్ఞులు జీవజాతులు సుమారు 87 లక్షలని అంచనా వేయగానే, పురాణసంఖ్య ఋజువైనదని ప్రచారం సాగింది. ప్రసిద్ధమైన ఆ గణనలో పశువులు 30 లక్షలు, మానవులు 4 లక్షలు. జీవశాస్త్రంలో నేడున్న మానవజాతి ఒక్కటే. స్తన్యజంతువుల జాతులన్నీ కలిపినను కొన్ని వేలు మాత్రమే. మొత్తాన్ని చూపి వివరాన్ని దాచుట సత్యవ్రతం కాదు. ఆ సంఖ్య మానవజన్మ దుర్లభత్వాన్ని హృదయానికెక్కించుటకు చెప్పబడినది. ఆ ప్రయోజనానికి ఏ గణకుని సాక్ష్యమూ అక్కరలేదు.

ప్రాచీనులు జీవవర్గీకరణను ఇంత మూఢంగా పట్టుకొనలేదు. ఐతరేయోపనిషత్తు అండజ, జరాయుజ, స్వేదజ, ఉద్భిజ్జాలని నాలుగు విధాలు చెప్పగా, ఛాందోగ్యం మూడే చెప్పింది. బాదరాయణుడు స్వేదజాలను ఉద్భిజ్జాలలో చేర్చి ఆ రెండింటినీ సమన్వయించాడు. చెమట నుండి క్రిములు పుట్టునన్నది ఆనాటి లోకజ్ఞానం. ప్రాణి నుండియే ప్రాణి పుట్టునని రెడీ, పాశ్చర్ మున్నగువారి ప్రయోగాలు తరువాత నిరూపించినవి. దీనివలన ఉపనిషత్తుకు లోపమేమున్నది? శ్రుతి ప్రామాణ్యం ప్రత్యక్షానుమానాలకు అందని విషయంలోనేయని, అగ్నిస్వభావం వంటి ప్రత్యక్షవిషయంలో విరుద్ధంగా చెప్పే వాక్యం ప్రమాణం కాజాలదని శంకరులు గీతాభాష్యాంతంలో స్పష్టం చేశారు. తాబేలు ఏ వర్గానిదో తెలుపుట శ్రుతి పని కాదు. ఆత్మ యేదో నిర్ణయించుట ప్రయోగశాల పని కాదు.

పునర్జన్మకూ పరిణామానికీ సామ్యం కల్పించుట కూడ ఇట్టిదే. పునర్జన్మలో సంచరించేవాడు కర్మబద్ధుడైన ఒక జీవుడు. పరిణామంలో మారేది వ్యక్తి కాదు, తరతరాల సంతతి. అది ఏ ఉన్నతగమ్యం వైపూ నడచునది కాదు. రెండింటికీ విషయం వేరు, ప్రమాణం వేరు.

యువతను ధర్మం వైపు ఆకర్షించుటకు ఈ పోలిక ఉపకరించును గదా యని కొందరనవచ్చును. ఫలం విపరీతంగా ఉన్నది. తాబేలు సరీసృపమని పాఠశాలలో చదివిన బాలిక ప్రవచనంలో అది ఉభయచరమని విన్నచో, ఆమె సందేహం తాబేలుతో ఆగదు. కూర్మమూర్తి వరకు, ఉపనిషత్తు వరకు పోవును. అరువు తెచ్చుకొన్న ఆధారంపై నిలిపిన విశ్వాసం ఋణదాత తన సొత్తు తిరిగి తీసుకొన్ననాడు కూలును. ఆ నాస్తికతకు కారణం డార్విన్ కాదు, అసత్యంతో ఆకర్షింపజూచిన ఉపదేశకుడు.

గోవునందు, గజమునందు, శునకమునందు సమదర్శనం కలవాడే పండితుడని గీత బోధించుచున్నది. ఆ సమత్వానికి ఆధారం ఆత్మైక్యం. ఆ దేహాలన్నీ ఒకే ప్రాచీన వంశవృక్షపు కొమ్మలని జీవశాస్త్రం వేరొక మార్గంలో తెలుపుచున్నది. ఒకటి మరొకదానికి ఋజువు కాదు, ఋజువు కానక్కరలేదు. సాధకుడు జ్ఞాతులైన ప్రాణులపట్ల దయను, శాస్త్రంపట్ల నిజాయితీని, మత్స్యమూర్తి పాదాలపట్ల భక్తిని ఏకకాలంలో నిలుపుకొనవచ్చును. ఇందుకు ఏ అసత్యమూ అవసరం లేదు.

ఓం తత్సత్