మోకాలి లోతు వరదకి లెక్కేది?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. టీవీ చూసే మన నానమ్మలకి కూడా ఈ అంకెలు నోటికొచ్చు. అమెరికాలో మంచు కరిగి, దానికి వాన తోడై వసంతంలో నదులు పొంగితే అక్కడి వాతావరణ సంస్థ మైనర్, మోడరేట్, మేజర్ అని మెట్లు కట్టి చెప్తుంది. మైనర్ అన్నారని వదిలెయ్యరు, దానికీ ఒక మట్టం రాసి ఉంటుంది.

మరి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గంటసేపు వాన దంచితే హైటెక్ సిటీ రోడ్ల మీద నిలిచే నీళ్లకి? ఏ అంకే లేదు. ఐకియా జంక్షన్ నుంచి ఒక వీడియో, "మోకాళ్ల దాకా వచ్చాయంట" అని వాట్సాప్‌లో ఒక మాట, అంతే. దాన్ని మనం వరద అని కూడా అనం. ట్రాఫిక్ అంటాం.

నా అభ్యంతరం ఇక్కడే. ట్రాఫిక్ అని పేరు పెట్టాక పరిష్కారం కూడా ట్రాఫిక్ వాళ్లదే అవుతుంది. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులని మూడు విడతలుగా లాగౌట్ అవ్వమన్నారు. మంచి ఆలోచనే. కానీ నీళ్లు లాగౌట్ అవ్వవు కదా! 1908లో మూసీ వేలమందిని మింగితే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించింది, 1920లో ఉస్మాన్ సాగర్ వచ్చింది, 1927లో హిమాయత్ సాగర్. పెద్ద వరదకి ఇంజనీరు, చిన్న వరదకి కానిస్టేబులు.

ఇక్కడి పేర్లు చూడండి: దుర్గం చెరువు, తమ్మిడికుంట, మల్కం చెరువు. ఒకప్పుడు ఈ నేల మీద ఒక చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకి చేరేవి. మధ్యలో వాగుల మీద మనం కాంక్రీటు పోశాం. నీరు పల్లమెరుగు అన్నది సామెతే కాదు, హైడ్రాలజీ కూడా. ఆఫీసులో ఉన్నవాళ్లకి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది. నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కాలితో తడుముకుంటూ బండి తోసుకెళ్లే డెలివరీ అన్నకి ఏముంది?

ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ప్రాంతాలవారీగా ఇస్తూనే ఉంది. రోడ్డు మీద నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాయి, ఎంతసేపటికి దిగాయి అన్నదే కావాలి. మున్సిపల్ వాళ్ల అనుమతి తీసుకుని నాలుగు జంక్షన్లలో గోడ మీద స్కేలు గీస్తే, రెండు వేసవుల్లో మన సివిల్ వాళ్లకి కాపీ కొట్టక్కర్లేని మేజర్ ప్రాజెక్టు దొరుకుతుంది. సీఎస్ఈ వాళ్లు యాప్ చేస్తామని ఎలాగూ వస్తారు. ముందు అంకెలు రానివ్వండి బాబూ.