రసీదులో లేని కమీషన్

రేపల్లె బండి తెనాలిలో బయల్దేరి చినరావూరు దాటకముందే పెట్టెలో డబ్బా గలగల మొదలవుతుంది. మెడలో ట్యాగు, చేతిలో తాళం వేసిన ప్లాస్టిక్ డబ్బా, చంకలో లామినేషన్ చేయించిన ఫోటోల అట్ట. అనాథ పిల్లలకు అన్నం అంటారు, గుండె ఆపరేషన్ అంటారు, వృద్ధాశ్రమం అంటారు. బాపట్ల బస్టాండులోనూ ఇదే, రేపల్లెలో సినిమా వదిలే వేళకూ ఇదే. ఈమధ్య డబ్బాకు క్యూఆర్ కోడ్ కూడా అంటించారు కాబట్టి చిల్లర లేదని తప్పించుకునే వీలు కూడా పోయింది. మనలో చాలామంది పదో ఇరవయ్యో వేసి కిటికీ వైపు తిరిగిపోతారు. కొందరు 'అంతా దొంగలేనండీ' అని పక్కాయనతో అనేసి పేపర్లో తల దూరుస్తారు. నాకు ఈ ఇద్దరి మీదా ఒకటే ఫిర్యాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ఇద్దరూ ఒక్క ముక్క అడగలేదు.

అడిగితే తెలిసే మొదటి సంగతి, ఆ మనిషి ఆశ్రమం మనిషి కాకపోవచ్చునని. చందాలు వసూలు చేయడానికి కూలికి కుదిరిన మనిషి. మొన్నామధ్య వేమూరు దగ్గర నా ఎదుటి సీటు చివర కాస్త ఒరిగి అలుపు తీర్చుకుంటున్న అమ్మాయిని కదిలించాను. ఇరవై ఏళ్ళుంటాయేమో.

"ఏమ్మా, నీకు జీతం ఎంతిస్తారు?"

"జీతమేం లేదండీ. వచ్చినదాంట్లో కమీషను."

"మిగతాది ఆశ్రమానికి నువ్వే కడతావా?"

"మా సార్‌కి ఇస్తామండీ. సారు కడతారు."

"ఆశ్రమం చూశావా ఎప్పుడైనా?"

"లేదండీ. ఫోటోలు ఇచ్చారు."

డబ్బా తాళం చెవి సారు దగ్గరే ఉంటుందట. టార్గెట్ కాకపోతే ఆ రోజు చార్జీలు తన చేతివే. మధ్యాహ్నం దాటింది, సంచిలో అన్నం డబ్బా ఇంకా మూత తీయలేదు. పెనుమర్రు రాగానే లేచి, చున్నీ సర్దుకుని, 'అమ్మా, ఎంతో కొంత' అంటూ పక్క పెట్టెలోకి వెళ్ళింది. ఆ పిల్ల నాతో అబద్ధం ఆడలేదు. అడిగినవాటికి అడిగినట్టు చెప్పింది. దాపరికమంతా ఆమెను పంపినవాళ్ళ దగ్గర ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చందా పోగుచేసే మనిషి కూలి తీసుకోవడం తప్పు కాదు. ఎండలో తిరిగే మనిషికి అన్నం కావాలి, ఇంటికి డబ్బు పంపాలి. సేవ పేరు చెప్పి మనుషుల చేత ఊరికే పనిచేయించుకోవడం కూడా ఒక దోపిడీయే. నా పేచీ వేరే. నేను వేసిన వంద రూపాయల్లో ఆ అమ్మాయికి ఎంత, మధ్యలో ఉన్న సారుకు ఎంత, పిల్లల కంచంలోకి ఎంత? నూటికి ఇరవై ఖర్చవుతుంటే ఇద్దామనుకునేవాణ్ణి, డెబ్బై ఖర్చవుతుందంటే ఇంకో దారి చూసుకుంటాను. ఆ లెక్క తెలుసుకునే హక్కు ఇచ్చేవాడికి ఉంది. ఆ లెక్క డబ్బా మీదా ఉండదు, రసీదు మీదా ఉండదు.

అదే బండి కాసేపటికి భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళు దాటిన ఆ పేటికల మీద అక్షరాలున్నాయి. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళంతా ఆ అక్షరాలను తలుస్తారు. అందులో ఏం రాసుందో తలిచేవాళ్ళు తక్కువ. కుర అనే ఆయన, ఆయన తల్లి, తండ్రి, శివ అనే మరొకాయన కలిసి బుద్ధుడి ధాతువులు ఉంచడానికి పేటికనూ స్ఫటికపు భరిణనూ చేయించారని ఒకదాని మీద ఉంది. మిగతావాటి మీద గోష్ఠిలో, నిగమంలో, అంటే అప్పటి సంఘాల్లో, ఉన్నవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి, కుబేరక రాజు పేరు కూడా ఉంది. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, దేనికిచ్చారు, ఈ మూడూ రాతి మీద చెక్కించారు. అమరావతి స్తూపం రాళ్ళ మీదా అంతే, విధికుడనే చర్మకారుడు ఇచ్చిన దానం కూడా అతని పేరుతోనే నిలిచింది. దానానికి లెక్క రాసిపెట్టడం ఈ నేలకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

చందా వసూలు గురించి మనకు బాగా చెప్పగలిగినవాడు గాంధీ. 1894లో దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పటి సంగతులు ఆయన ఆత్మకథలో ఉన్నాయి. టోంగాట్ అనే ఊళ్ళో ఒక వర్తకుడి ఇంటికి చందా కోసం వెళ్ళారు. ఆరు పౌండ్లు ఇస్తాడనుకుంటే ఆయన మూడు పౌండ్లు దాటనన్నాడు. ఆయన దగ్గర మూడు తీసుకుంటే తక్కినవాళ్ళూ అంతకే తగ్గుతారు. అన్నం తినకుండా రాత్రంతా అక్కడే కూర్చున్నారు. తెల్లారేసరికి ఆయన మెత్తబడి ఆరు పౌండ్లూ ఇచ్చి అందరికీ భోజనం పెట్టాడు. ఆ పట్టుదల నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపిస్తుంది, ఇప్పటి రోజుల్లో అలా కూర్చుంటే ఇంటాయన పోలీసులకు ఫోన్ చేస్తాడు. కానీ అంత గట్టిగా అడిగిన మనిషి అంత గట్టిగానే లెక్క అప్పజెప్పాడు. ఎవరూ అడగకపోయినా ప్రతి చిన్న మొత్తానికీ రసీదు ఇచ్చారు, పైసా పైసా పద్దు రాశారు. ప్రజల పనికి తాను డబ్బు పుచ్చుకోనని, బతుకుతెరువుకు వర్తకుల వకాల్తా పనులు చేసుకుంటానని ముందే తేల్చి చెప్పాడు. ఎవరి డబ్బు ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఒత్తిడి చేసే హక్కు ఎవరికైనా ఉందంటే అలాంటివాళ్ళకే ఉండాలి.

మన తీరంలో పెద్దవాళ్ళకు 1977 నవంబరు 19 గుర్తుంది. ఆ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. దివిసీమ పేరు నిలిచింది గానీ కృష్ణకు ఇవతల రేపల్లె వైపు, బాపట్ల వైపు కూడా ఇళ్ళకిళ్ళే ఊడ్చుకుపోయాయి. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటివాళ్ళు జోలె పట్టి వీధుల్లో తిరిగితే జనం ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు. అడిగిన మొహాన్ని నమ్మి ఇచ్చారు. వీధిలో చేయి చాచిన మనిషికి పెట్టే గుణం మన దగ్గర ఇంత బలంగా ఉంది కాబట్టే దానిమీద బతికే దళారులూ తయారయ్యారు. ఆ గుణం చచ్చిపోకూడదు. అనుమానంతో చేయి ముడుచుకోవడం అలవాటైతే నిజంగా ఆకలితో ఉన్న పిల్లలున్న ఇల్లే ముందు దెబ్బతింటుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం అదే.

ఇక వాళ్ళు చూపించే కాగితాల సంగతి. 'గవర్నమెంట్ రిజిస్టర్డ్ అండీ' అంటారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ నమోదు చేయించుకోవచ్చు. నమోదైందంటే పేరు పుస్తకంలోకి ఎక్కిందని అర్థం, పని బాగా చేస్తున్నారని సర్కారు హామీ ఇచ్చినట్టు కాదు. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరున్నా అంతే. 'ట్యాక్సు మినహాయింపు ఉందండీ' అంటారు. ఆ మినహాయింపు కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు రాదు. పాత విధానంలో ఉన్నా రెండు వేలు దాటి నగదుగా ఇస్తే రాదు. పాసింజర్ బండిలో ఇరవై రూపాయలు వేసే మనిషికి ఆ మాటతో పనే లేదు.

ఫోటోల అట్ట గురించి మాత్రం తేలిగ్గా పోనివ్వలేను. అట్ట మీద వరసగా నిలబెట్టిన పిల్లలు, కొందరి కింద పేరు, ఊరు, 'తల్లిదండ్రులు లేరు' అని ఒక ముక్క. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ కావాల్సిన పిల్లల పేరు, చిరునామా, చదివే బడి, ఫోటో, వాళ్ళెవరో పోల్చుకునే వివరం ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టమే 41వ సెక్షన్‌లో పిల్లలను ఉంచుకునే ప్రతి ఇల్లూ నమోదై ఉండాలంటుంది. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అంటే, తమది నిజమైన బాలల ఇల్లని రుజువుగా చూపించే ఆ అట్టే చట్టాన్ని మీరుతోంది. రేపు ఆ ఫోటోలోని పిల్ల పెద్దదై తెనాలిలో కాలేజీకి వస్తే, తన చిన్నప్పటి మొహం డబ్బాతో పాటు ఏళ్ళ తరబడి రైళ్ళలో తిరిగిందని తెలిస్తే ఎలా ఉంటుంది? దానికి ఆమెను అడిగిందెవరు? డబ్బా పట్టుకుని పిల్లలే వస్తే మరీ ఘోరం. అప్పుడు చిల్లర వెతకడం మానేసి బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

కమీషన్ విషయం దగ్గరికి మళ్ళీ వస్తాను, నా అసలు కోరిక అదే కాబట్టి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1992 చారిటీల చట్టం ప్రకారం డబ్బు తీసుకుని విరాళాలు వసూలు చేసేవాళ్ళు, తమ ప్రతిఫలం ఎంతో, దాన్ని ఎలా లెక్కగడతారో దాతకు చెప్పాలి. ఆ నియమం వచ్చాక అక్కడ వీధి వసూళ్ళు ఆగిపోలేదు. మన రాష్ట్రంలోనూ అలాంటి నియమం కావాలి. వసూలుకు పంపే ప్రతి సంస్థా డబ్బా మీద, రసీదు మీద, ట్యాగు మీద ఒక వాక్యం అచ్చు వేయాలి, 'ఈ వ్యక్తి ప్రతిఫలం తీసుకుని వసూలు చేస్తున్నారు, నూటికి ఇంత' అని. నిజాయితీగా నడిచే ఆశ్రమాలకు దానివల్ల మేలే. ఆ వాక్యం వేయడానికి భయపడేవాళ్ళు వేరే పని చూసుకుంటారు.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఒకదానికొకటి పూట ప్రయాణంలో ఉన్నాయి. ఏ ఆశ్రమం పేరు చెప్పినా వెళ్ళి చూడొచ్చు. 'అడ్రసు చెప్పమ్మా, ఆదివారం నేనే వచ్చి ఇస్తాను' అంటే చాలు, తిట్టక్కర్లేదు, మొహం తిప్పుకోనక్కర్లేదు. వెళితే పుట్టినరోజు కేకు పట్టుకుని, పిల్లల్ని చుట్టూ నిలబెట్టి సెల్ఫీలు దిగడానికి వెళ్ళకండి. వంటింట్లోకి తొంగి చూడండి. సరుకులు ఏ కొట్టులో ఖాతా పెట్టి తెస్తారో అడిగి, ఆ కొట్టుకే వెళ్ళి నెల బాకీలో కొంత కట్టి రసీదు తీసుకోండి. బియ్యానికే పోయిందని మీ కంటికి తెలుస్తుంది. ఆపరేషన్ కోసం అడిగితే ఎన్టీఆర్ వైద్య సేవలో పెట్టారా, ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టారా అని కనుక్కోండి. పెట్టకపోతే ఆ కాగితాలు నింపిపెట్టడం మీరు వేసే వంద కంటే పెద్ద సాయం. అవన్నీ అయిపోయినా ఇంకా కావాల్సి వస్తే ఆస్పత్రి కౌంటర్లో రోగి పేరు మీద నేరుగా కట్టొచ్చు.

విజయవాడ, హైదరాబాదు వెళ్ళినప్పుడు పెద్ద దుకాణాల ముందు ట్యాబ్ పట్టుకుని పలకరించేవాళ్ళ తీరు వేరు. నెలనెలా మీ ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్ళేలా ఆటోపే పెట్టించుకుంటారు. ఫోన్ వాళ్ళ చేతికి ఇవ్వకండి, నిలబడి ఉండగా ఒప్పుకోకండి. ఒప్పుకున్నా, పెట్టిన యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. డబ్బు పోయే ముందు, ఒక రోజు ముందుగా కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, ఆ మెసేజ్‌ని చదవకుండా తుడిచేయకండి. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఈ సంగతి పిల్లలు ఫోన్ పట్టుకుని చూపించాలి.

పాలనలో ఉన్నవాళ్ళు తలుచుకుంటే వారంలో అయ్యే పని ఒకటుంది. నమోదైన బాలల గృహాల జాబితా ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం దగ్గర ఉంటుంది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. పిల్లల వివరాలేమీ లేకుండా ఇంటి పేరు, ఊరు, నమోదు సంఖ్య, ఆఫీసు ఫోన్ నంబరు మాత్రం పెద్ద అక్షరాలతో అచ్చు వేసి తెనాలి జంక్షన్‌లో, మూడు ఊళ్ళ బస్టాండ్లలో గోడకు పెట్టమని అడుగుతున్నాను. పిల్లల ఫోటోలతో తిరిగే అట్టలను పోలీసులు అక్కడికక్కడే తీసుకోవాలని, వాటిని అచ్చు వేయించి పంపినవాళ్ళ మీద కేసు పెట్టాలని, మోసుకొచ్చిన కుర్రాళ్ళ మీద కాదని అడుగుతున్నాను. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గుంటూరు కలెక్టరేటుకు నేనిచ్చే అర్జీలో ఈ రెండూ ఉంటాయి. బాపట్ల కలెక్టరేటుకు అలాంటిదే ఇంకొకటి అందాలి. అక్కడివాళ్ళెవరైనా ఇస్తారా?