బిందె నిండని చోట భద్రత ఏది?

ఊళ్లో కొట్లాట లేకపోతే చాలు, శాంతిభద్రతలు బాగున్నాయని పోలీసోళ్లు రాసుకుంటారు. ఎవరి శాంతి? ఎవరి భద్రత?

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి పల్లెల్లో ఎండాకాలం బోర్లు ఎండిపోతాయి. చాలా చోట్ల వచ్చేది ఫ్లోరిన్ నీళ్లే. ఆ నీళ్లతో పిల్లల పళ్లు గారపడుతున్నాయి, పెద్దోళ్ల నడుములు వంగిపోతున్నాయి. నేను పాఠం చెప్పే బడిలో, ట్యాంకరు వచ్చే రోజు మాదిగపల్లె ఆడపిల్లలు కనపడరు. ట్యాంకరు ముందు ఊళ్లో ఆగుతుంది. అడుగున మిగిలింది పల్లెకొస్తుంది. ఆ మిగులు కోసం పిల్ల బడి మానాలి. కరువు అందరికీ వచ్చింది. వరస మాత్రం కులమే పెట్టింది.

"ఇందులో కులమేంది మాస్టారూ?" అంటారు పెద్దలు. అయ్యా, ఒక్క రోజు ట్యాంకరుని ముందు పల్లెలో ఆపి చూడండి. కులం ఉందో లేదో ఆ రోజే తెలుస్తది.

భద్రత అంటే సరిహద్దులో తుపాకీ ఒక్కటే కాదు, తిండికీ ఆరోగ్యానికీ బతుక్కీ భయం లేకపోవడమని 1994లో ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. బాబాసాహెబ్ 1927లోనే మహద్ చెరువు నీళ్లు తాగి చూపించాడు. 1985 జులైలో, అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగే నీళ్లు పాడుచేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, 17వ తేదీన, ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గాని రాలేదు. నీళ్లూ ప్రాణమూ వేరుకాదని మనకి కారంచేడు నేర్పింది.

మరి పాలకులేం చేశారు? వెలిగొండకి 1996లో శంకుస్థాపన. 2024 మార్చి 6న సొరంగాలు జాతికి అంకితం. ఆ నాటికి మునక ఊళ్లకి పునరావాసమే పూర్తి కాలేదు. శిలాఫలకం కడిగిన నీళ్లు తాగమంటారా? పార్టీలు మారినయ్, మన బిందె మారలేదు.

అన్నలారా, అక్కలారా! దళితుల నీళ్లు పాడుచేసినా, ఉమ్మడి నీళ్లు వాడుకోనీకపోయినా 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. ఫిర్యాదు తీసుకోకుండా కావాలని నిర్లక్ష్యం చేసిన దళితేతర అధికారికి నాలుగో సెక్షను కింద జైలుంది. నోటిమాటతో ఊరుకోవద్దు. ట్యాంకరు ఏ రోజు, ఎన్ని గంటలకి, ముందు ఎక్కడ ఆగిందో చదువుకున్న పిల్లలతో రాయించండి. పదిమంది కలిసి మండలాఫీసుకి పోండి, కాగితం ఇచ్చి రసీదు అడగండి.

మనం అడిగేది దయ కాదు, వరసలో మన వంతు!

జై భీమ్!