లెక్క తేలని సొరచేపలు

సొరచేపల రెక్కల ఎగుమతిని కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో పూర్తిగా నిషేధించింది. అయినా విశాఖపట్నం, కాకినాడ, కొచ్చి రేవులకు సొర, టేకు చేపలు వస్తూనే ఉన్నాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. వీటిలో అధిక భాగం ఇతర చేపల కోసం వేసిన వలలలో చిక్కుకున్నవే. రెక్కలకు విదేశీ గిరాకీ మూతపడినా, మాంసానికి స్వదేశంలో కొనుగోలుదారులున్నారు.

ఈ చేపలను అత్యధికంగా పట్టే దేశాలలో భారత్ ఒకటి. మహాసముద్రాలలో సంచరించే సొర, టేకు జాతుల సంఖ్య 1970 నుంచి 71 శాతం క్షీణించిందని 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం అంచనా వేసింది. కవ్వలు, కానాగంతల వలె ఇవి వేలాది గుడ్లు పెట్టవు. పెద్ద జాతులు ఎన్నో ఏళ్లకు గాని ఈడుకు రావు. మాంటా టేకు సాధారణంగా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. పాల సొర వంటి చిన్న జాతులు మాత్రం త్వరగా ఎదుగుతాయి. కనుక అన్నిటికీ ఒకే కొలత పనికిరాదు.

2001 నాటి అనుభవం ఈ సత్యాన్నే చాటింది. ఆ ఏడాది జులైలో కేంద్రం సొర, టేకు జాతులన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మత్స్యకారుల నుంచి తీవ్ర నిరసన వ్యక్తం కావడంతో డిసెంబరులో ఆ జాబితాను 10 జాతులకు కుదించింది. ఏ జాతి ఎంత వేటను తట్టుకోగలదో తేల్చుకోకుండా ఆజ్ఞలు జారీ చేస్తే ఇటు జీవనోపాధికీ, అటు చేపకూ న్యాయం జరగదు. రక్షిత జాతుల జాబితాను 2022 చట్ట సవరణ విస్తరించిన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది.

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశమంతటా రేవులలో నమూనా లెక్కలు సేకరిస్తోంది. అయితే మొత్తం టన్నులు తెలిసినంత మాత్రాన చాలదు. పడవలు, వేట గంటలు పెరిగితే సంతతి తరుగుతున్నా రాబడి నిలకడగానే కనిపిస్తుంది. చిక్కినది ఏ జాతి, ఎంత పొడవు, ఆడదా, చూలుతో ఉన్నదా, వెన్నుపూసల వలయాలను బట్టి దాని వయసెంత అన్న వివరాలు జాతివారీగా ఏళ్ల తరబడి పోగుపడాలి. అప్పుడే ఎంత పట్టవచ్చునో, ఎక్కడ, ఏ నెలలలో వల ఆపాలో చెప్పగలుగుతాము.

రంపపు ముక్కు చేప వంటి అంతరించనున్న జాతుల విషయంలో పరిశోధన పూర్తయ్యే వరకు వేచి ఉండాలని ఎవరూ అనరు. వాటికి నిషేధమే శరణ్యం. మిగిలిన వాటి విషయంలో మత్స్యకారుని భాగస్వామిని చేసుకోక తప్పదు. గుజరాత్ తీరంలో 2004లో ప్రారంభమైన ఉద్యమం ఇందుకు నిదర్శనం. అక్కడ వల కోసి తిమింగల సొరను విడిచిపెట్టిన వారికి అటవీశాఖ వల నష్టపరిహారం చెల్లిస్తున్నది. వందలాది తిమింగల సొరలు ఈ విధంగా తిరిగి సముద్రంలోకి వెళ్లాయి.

నష్టభారమంతా వేటగాడిపై మోపి, లెక్కలను కార్యాలయాలకు పరిమితం చేసినంత కాలం నిషేధాలు కాగితాలకే పరిమితమవుతాయి. రేవు రేవునా జాతులను గుర్తించగల సిబ్బందిని నియమించడానికి, వల కోల్పోయిన వానికి సకాలంలో పరిహారం అందించడానికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇకనైనా పూనుకోవాలి.