యంత్రమునకు కోట్లు, మనుష్యునకు చిల్లర

కంప్యూటరును కొనుటకు ధనము చాలును. దానిని ఉద్యోగి చేతికి అలవాటు చేయుటకు ఓర్పు కావలెను. మన ప్రభుత్వములకు మొదటిదానియందున్న శ్రద్ధ రెండవదానియందు కానరాకున్నది.

న్యాయస్థానముల వ్యవహారములను కంప్యూటర్లపై నడపుటకై 2007లో ఆరంభమైన ఇ-కోర్టుల పథకమునకు మూడవ దశగా 7,210 కోట్ల రూపాయలను కేంద్రమంత్రివర్గమువారు 2023 సెప్టెంబరులో మంజూరుచేసిరి. ఇందు ప్రాతమిసిళ్లను స్కానుచేసి భద్రపఱచుటకు 2,038 కోట్లు. శిక్షణకు 208 కోట్లు. అనగా శిక్షణపాలు నూటికి మూడు రూపాయలైనను కాదు. మూసీయొడ్డున 1920లో ప్రారంభోత్సవము జరిగిన మన ఉన్నతన్యాయస్థాన సౌధము మొదలు చిన్న కచేరీవఱకు ఈ లెక్కయొక్క ఫలము ననుభవింపవలసియున్నది. మిసిలును చేతబట్టు గుమాస్తాను ఈ లెక్కలో నెవరు తలంచిరి?

పాతబస్తీ కచేరీలలో గుమాస్తాపని యెట్టిదో పాఠకు లెఱుగనిది కాదు. ఒకే మనుష్యుని పేరు ప్రాతదస్తావేజులో ఉర్దూలిపిని, పన్నురశీదులో ఇంగ్లీషున, మఱియొక కాగితమున తెలుగున నుండును. మహమ్మదు అను నొక్కపేరునే ఇంగ్లీషున పలువిధముల వ్రాయుదురు. అక్షరమొక్కటి మాఱినచో కంప్యూటరునకు అతడు వేఱొకడు. ముప్పదియేండ్లు ఆ బల్లయొద్ద కూర్చున్న గుమాస్తాకు మాత్రము అతడు శాలిబండలోని ఫలానావారి కుమారుడే. నిజాముకాలపు గొలుసువ్రాతను చదివి, ఇది యే యిల్లో, ఏ హద్దో చెప్పగలవాడు ఆ గుమాస్తాయే. అట్టివానిని నిన్న చేరిన యువకుల యెదుట నిలిపి, మీట నొక్కుటయైన రాదని నవ్విన, అతనికి యంత్రముపై ప్రీతి కలుగునా? అతడు నేర్చుకొననొల్లకుండుట సోమరితనము కాదు. తన ముప్పదియేండ్ల విద్య యొక్కదినమున చెల్లని నాణెమగునేమోయను భయము.

రెండవ బాధ ద్విగుణశ్రమ. రిజిష్టరులో వ్రాయుము, ఆపై కంప్యూటరులో నెక్కింపుము అని చెప్పిన కచేరీలో కంప్యూటరు సహాయకారి గాక మఱియొక బరువగును. సాయంకాలము ఆఱుగంటలకు ఇల్లు చేరవలసినవాడు ఎనిమిదింటివఱకు కూర్చుండి, మఱునాడు తప్పు దొరలెనని సంజాయిషీ వ్రాయవలసివచ్చిన, ఆ తప్పు ఎవరిది?

మార్పు మన నగరమునకు క్రొత్త గాదు. 1884లో నిజాముప్రభుత్వ కచేరీలలో పారసీకమునకు మాఱుగా ఉర్దూ రాజభాష యయ్యెను. నాటి మున్షీలు తమ కలమును మార్చుకొనిరి. ఇటీవలి నిదర్శనములును గలవు. బ్యాంకులలో కంప్యూటర్లను ప్రవేశపెట్టుటకు ముందు 1983 సెప్టెంబరులో యాజమాన్యములును ఉద్యోగసంఘములును కూర్చుండి ఒడంబడిక చేసికొనెను. ఆ మార్గమున బ్యాంకులను నడపుటకై 1984లో నివేదిక నొసగిన సంఘమునకు అధ్యక్షుడైన రంగరాజనుగారే తరువాత ఆంధ్రప్రదేశమునకు గవర్నరై ఈ నగరమున నివసించిరి. మొదట మాట, తరువాత యంత్రము: ఇదియే ఆ యొడంబడికయందలి పాఠము.

1998 నవంబరు 4వ తేదీన మన రిజిస్ట్రేషను కచేరీలలో 'కార్డు' పథకము ప్రారంభమైనది. అంతకుముందు దస్తావేజులను చేతితో నకలు వ్రాసెడివారు. ఆస్తిపై అప్పు లేదని పత్రము పొందుటకు ఏండ్లకొలది సూచికలను వెదుకవలసియుండెడిది. నాడు శాఖలోని ఉద్యోగులకే శిక్షణ నిచ్చి వారిచేతనే ఆ యంత్రములను నడిపించిరి. యంత్రము తమ చేతనున్నదని తెలిసిన ఉద్యోగి దానిని తన పనిముట్టుగా జూచును. పైనుండి పడినదని తోచినచో గుదిబండగా జూచును.

కావున మేము కోరునవి స్వల్పములు. శిక్షణ పనివేళలలోనే జరుగవలెను, ఆదివారము కాజేయరాదు. పాఠములు తెలుగునను ఉర్దూనను ఉండవలెను. తెలుగు 1966 నాటి చట్టముచే అధికారభాష. ఉర్దూను 2017లో తెలంగాణ శాసనసభ రెండవ అధికారభాషగా నంగీకరించెను. ఈ గౌరవము కాగితములపైననే నిలిచిపోరాదు. కంప్యూటరులో నెక్కించిన పనికి ప్రాతరిజిష్టరు ఎన్నడు మూయబడునో తేదీ ముందుగనే ప్రకటింపవలెను. నేర్చుకొను మొదటి నెలలలోని తప్పులకు దండన యుండరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రాతలిపి నెఱిగిన వృద్ధగుమాస్తాను స్కానుయంత్రము ప్రక్కన గురుస్థానమున కూర్చుండబెట్టవలెను. యువకుడు అతనికి మీటలు నేర్పును. అతడు యువకునికి మిసిలు నేర్పును. ఇరువురిలో నెవనికిని అవమానము లేదు.

ఉద్యోగులకును ఒకమాట. కంప్యూటరు మొరాయించినదని చెప్పి కిటికీ మూయుట సులభము. ఆ కిటికీవెలుపల బార్కసునుండి దినకూలి పోగొట్టుకొని వచ్చిన మనుష్యుడు నిలిచియున్నాడు. అతనికి మీ భయముతోను, ప్రభుత్వమువారి లెక్కతోను పని లేదు. తన కాగితము కావలెను. క్రొత్తవిద్య నేర్పుమని పైవారిని నిలదీసి యడుగుడు. నేర్పినప్పుడు మనసిచ్చి నేర్చుకొనుడు.

నూటికి మూడురూపాయలైనను పెట్టక నూఱుపాళ్ల పనిని కోరుట న్యాయము గాదు. న్యాయస్థానముల పేర మంజూరైన ధనమందైనను ఈ న్యాయమును పాటింతురని ఆశించుచున్నాము.